బెదిరింది గుర్రం కాదు బిడ్డా

మా రోజుల్ల గుర్రం ఎక్కాలె అంటె ముందుగాల దాని లద్దె ఎత్తాలె. ఎండకాలం, వానకాలం లద్దె ఎత్తి, ఉలవలు ఉడకవెట్టి, ఒళ్ళు తోమి, ఈగలు కొట్టి, అది మన మొఖం గుర్తువట్టి సకిలిస్తె, గప్పుడు మా బాపు "సరె, ఎక్కు" అంటుండె. అది సుత జీను లేకుంట. ఇప్పటి పోరగాండ్లకేంది? ఫీజు కట్టిన్రా, మెరిసే బూట్లు తొడిగిన్రా, ఎక్కిన్రా, ఫోటో దిగిన్రా, అయిపాయె. గుర్రం పేరు అడిగితె టక్కున చెప్తరు. దాని ఏ కాలు నొస్తున్నదో అడిగితె నోరు తెరుస్తరు.

కోపానికి రాకు బిడ్డా, నిన్ను అంటున్న అనుకోకు. అంటున్నది నిన్నే, గని కోపానికి రాకు.

మా మనుమరాలు హైదరాబాద్‌ల సవారి నేర్సుకుంటున్నది. డ్రెస్సాజ్ అని ఒక పోటీ ఉన్నది తాతా, రా అంటె, మొన్న చలికాలం కోరుట్లల బస్సెక్కి పోయిన. అది షోకు కోసం సవారి చేసేటోళ్ళ పోటీ, పైసలది కాదు. ఇరవై మీటర్ల అడ్డం, నలభై మీటర్ల పొడుగు ఇసుక మడి. పెద్ద పోటీలకైతె పొడుగు అరవై మీటర్లట. మడి చుట్టూ అక్షరాల పలకలు: ఏ తర్వాత కె, ఆ తర్వాత ఇ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్. ఏబీసీడీలు వచ్చినోడైతె ఆ వరుస పెట్టడు. సి కాడ కుర్చేసుకొని ఒకామె కూసున్నది, జడ్జి. గుర్రం నడిస్తె మార్కు, నిలవడితె మార్కు, మలిగితె మార్కు, సున్న నుంచి పది దాంక. మా టాంగ ఎక్కినోళ్ళు మార్కులెయ్యలే. నచ్చకపోతె దిగి నడుసుకుంట పోయేటోళ్ళు, గంతె.

ఆడున్న గుర్రాలను చూస్తె సగానికి సగం రేసుల నుంచి దిగినయే. మలక్‌పేట రేసుల మైదానం తెలుసు గదా, ఆరో నిజాం 1886ల మౌలాలి నుంచి అక్కడికి తెచ్చిండు. రేసు గుర్రానికి రెండేండ్లు వచ్చెవరకే జీనేసి ఉరికిస్తరు. ఉరుకుడు తప్ప ఇంకో ముచ్చట దానికి ఎవడూ చెప్పడు. గెలవకపోతె క్లబ్బులకు అమ్ముతరు. అసొంటి గుర్రాన్ని తెచ్చి ఇసుక మడిల నిలవెట్టి, ఏ కాడ లోపలికి రా, నడుమల ఎక్స్ కాడ ఆగు, కదలకు, నేను సలాం కొడ్త అంటె అదేమనుకోవాలె?

ఒక ముదురెరుపు గుర్రం వచ్చింది. నాలుగేండ్లు నిండి ఉంటయేమో, ఇంక మెడ సుత నిండలే. జడ్జి కుర్చీకి కట్టిన తెల్లగుడ్డ గాలికి లేస్తున్నది. గుర్రం కుడి చెవు ఆ గుడ్డ దిక్కు తిరిగింది, ఎడమ చెవు వెనుకకు, పైన కూసున్న పోరని దిక్కు తిరిగింది. చూసినవా, అది అడుగుతున్నది: అదేంది, నేను బెదరాల్నా వద్దా అని. పోరడు మెడ మీద చెయ్యేసి ఒక్క మాట అంటె అయిపోతుండె. ఆయనేం చేసిండు? ఊపిరి బిగవట్టిండు, మోకాళ్ళు బిగవట్టిండు, లగాం గుంజిండు. ఈగ వాలితె ఆ ఒక్క జాగల తోలు అదిరిచ్చుకునే జానవరు గుర్రం. నీ తొడ బిగుసుకున్నది దానికి తెల్వదా? అగో, పైనోడు సుత బెదిరిండు, అంటె ఆ గుడ్డల నిజంగనే ఏదో ఉన్నది అనుకున్నది. నోరు తెరిచింది, తోక కొట్టింది, పక్కకు జరిగింది, మోకాలెత్తు లేని కంచె దాటి చాయ్ అమ్మే కాడికి ఉరికింది. మడి దాటితె అవుటు. పోరడు దిగి వాళ్ళ నాయినతోని అంటడు గదా, "గుర్రం నర్వస్ డాడీ" అని.

గుర్రమట, నర్వసట!

మా బాపు కోరుట్లల టాంగ నడిపేటోడు. గుర్రం కొనాల్నంటె నాందేడ్ దిక్కు మాలెగాం ఖండోబా జాతరకు పోయేటోడు. పండ్లు చూసి వయసు చెప్తుండె, సుడులు చూసి గుణం చెప్తుండె. సుడుల ముచ్చట నేను నమ్మ గని పండ్ల లెక్క మాత్రం తప్పకపోతుండె. తెచ్చినంక బండి కట్టుడు లేదు. ముసలి గుర్రం పక్కపొంటి పిల్ల గుర్రాన్ని ఉత్తగ నడిపిచ్చుడే. ముందు మా వాడకట్టు, తర్వాత అంగడి, ఆ తర్వాత పొద్దూకంగ బీడీల కార్ఖానాలు విడిచిపెట్టే యాళ్ళకు ఆడోళ్ళ గుంపుల నడుమ, ఇగ చివరికి మెట్‌పల్లి తొవ్వల బస్సుల పక్కన. గుర్రానికి ముక్కు ముందర జరంత, తోక వెనుక జరంత తప్ప చుట్టుముట్టు అంత కనవడ్తది. కనవడ్డదాన్నల్ల అది ఒక్కసారి భయపడి చూసుకోవాలె, ఏం కాలే అని తెలుసుకోవాలె. గదానికి ఎన్ని నాళ్ళు పట్టినా బాపు తొందరపెట్టకపోతుండె. మా అవ్వ తొందరపెడుతుండె, ఇంట్ల బియ్యం లేకపోతుండె మరి.

సిరిసిల్ల గుర్రాలైతె ఇంక నిమ్మళం. ఒక టాంగాయన ఉంటుండె, మా బాపు దోస్తు. బీవై నగర్ దిక్కు సాంచెల పక్కనే ఆయన కొట్టం. పొద్దంత రాత్రంత టకటక, టకటక. ఆ గుర్రం పక్క పొంటి బాంబు పేలినా చెవు కదపదు. నేను ఎంత మెచ్చుకునేదో! పెద్దగైనంక తెలిసింది, దానికి చెవుడట. అయినా సరె, ఇప్పటి గుర్రాల కంటె నయమే.

మా గుర్రాలు బెదరకపోవుడుల బాపు నేర్పు సగమైతె, కడుపుకు సరిపోను దాణ లేక ఎగిరే ఓపిక లేకపోవుడు ఇంకో సగం అని మా అవ్వ అంటుండె. ఆడోళ్ళకు ప్రతిదాంట్ల లెక్కలు కావాలె.

మనుమరాలికి నేర్పే సారు మంచోడే గని మాట్లాడితె పుస్తకం. గ్రీకు దేశంల జెనోఫోన్ అనేటాయన ఇంచుమించు రెండువేల నాలుగువందల ఏండ్ల కింద గుర్రం మీద పుస్తకం రాసిండట, కోపంతోని గుర్రం జోలికి పోవద్దు అని అందుల ఉన్నదట. మా బాపుకు సంతకం రాదు, గదే మాట చెప్పిండు. అమరకోశంల సుత గుర్రం నడకలు ఐదున్నయి: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. మా బడిపంతులు కంఠస్తం చేపిచ్చిండు, అందుకే నాలుక మీద ఉన్నయి. ఏది ఏ నడకనో అడగకు. ఢిల్లీల తీన్‌మూర్తి కాడ నిలవడ్డ మూడు బొమ్మలల్ల ఒకటి మన హైదరాబాద్ లాన్సర్లది, మొదటి ప్రపంచ యుద్ధంల పోయిన సవార్ల యాదిల పెట్టిన్రు. గసొంటి నేల మీద పుట్టి మనోళ్ళు నడక గుర్రం మీద ఎగిరెగిరి పడుతున్నరు. సవారు ఎగిరినప్పుడల్ల గుర్రం నడుము మీద పడ్డట్టే గదా, దాని బాధ ఎవనికి కావాలె?

ఇగ మా ఊరి దిక్కు సంగతి సుత అదే. జగిత్యాలల పెండ్లి బారాత్ చూడు. తెల్లగుర్రం, దాని మీద పెండ్లికొడుకు, రెండడుగుల దూరంల డీజే డబ్బాలు, పటాకులు. పెండ్లికొడుకేమో రెండు చేతులతోని జీను పట్టుకొని దేవుళ్ళను యాది చేసుకుంటడు. నా పెండ్లిల మా టాంగ గుర్రం మీదనే పోయిన, బాజాలోళ్ళు ముందర నడుస్తుంటె అది వాళ్ళ ఎనుక తలకాయ ఊపుకుంట పోయింది. నిద్రపోయింది అని మా మామ ఇప్పటికీ అంటడు.

మొన్న 2023ల హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌ల మనోళ్ళు నలుగురు, సుదీప్తి, దివ్యకృతి, హృదయ్, అనూష్, ఇదే డ్రెస్సాజ్ జట్టు పోటీల బంగారు పతకం కొట్టిన్రు. గుర్రపు ఆటల 1982 ఢిల్లీ తర్వాత నలభై ఒక్క ఏండ్లకు. ఫోన్ల మనుమరాలు చూపెట్టింది. ఆ గుర్రాలు మెడ వంచి, కాళ్ళెత్తి నడుస్తుంటె, లగాం గుంజినట్టే లేదు, పైనోళ్ళు కదిలినట్టే లేదు. మంచిగనే ఉన్నది, కాదంటలేను. గని వాళ్ళేమో ఇల్లిడిసి యూరప్‌ల ఉండి నేర్సుకున్నరు. గ్రాండ్ ప్రీ అనే ఇంకా పెద్ద పోటీల దిగాల్నంటె గుర్రానికి ఎనిమిదేండ్లన్న నిండాల్నట. చూసినవా, ఎనిమిదేండ్లు! మా బాపు చెప్పిందే గదా, తొందర వద్దని. మీకేమో నాలుగేండ్ల దాన్ని మడిలకు దోలి మార్కులు కావాలె.

నువ్వు సుత యాడాది దాంక పోటీలకు పోకు, ఉత్తగ నడిపియ్యి అన్న మనుమరాలితోని. "తాతా, ఫీజు ముందే కట్టిన" అన్నది. ఎంత అని అడిగిన. ఆ పైసలతోని మాలెగాంల గుర్రమే కాదు, దాని పిల్ల సుత వస్తుండె.

ఇంకోటి ఆ టోపీలు. పెద్ద పోటీలల్ల పొడుగు టోపీ పెట్టుకునేటోళ్ళు, చూడ ముచ్చటగ ఉంటుండె. 2021 నుంచి అందరు హెల్మెట్ పెట్టాలె అని రూలు తెచ్చిన్రు. గుర్రం మీద కూసొని మోటర్‌సైకిలోని తీరుగ కనవడుడేంది? మా రోజుల్ల తలకు రుమాలు చుట్టుకుంటె చాలు. మా బావ ఒక్కడే జగిత్యాల ఖిల్లా కాడ గుర్రం మీదికెళ్ళి తలకాయ కిందికి పడ్డడు, గప్పటి నుంచి చెప్పిన ముచ్చటే మల్లమల్ల చెప్తడు. అంతకుముందు సుత గట్లనే చెప్పేటోడని మా అక్క అంటది.