ఫాసిజం: తిట్టుకు కరువు లేదు

భిన్నాభిప్రాయమే ద్రోహం, ఎటు చూసినా కుట్ర, జనం గొంతు నాయకుడిదే... ఉంబెర్టో ఎకో 1995లో చెప్పిన 14 ఫాసిస్టు లక్షణాల్లో ఇవి కొన్ని. నేటి మితవాదంలో వీటి పోలికలు బాగానే కనిపిస్తాయి. ముస్సోలినీలా ఎన్నికలనే ఎత్తేయడం మాత్రం మన దేశంలో లేదు.

చినుక్కి కరువైన అనంతపురంలోనూ ‘ఫాసిస్టు’ అన్న తిట్టుకు కరువు లేదు. 1975లో జయప్రకాశ్ నారాయణ్ (జేపీ) ఉద్యమమే ఫాసిజమంది ఇందిర వర్గం. కాదు, ఎమర్జెన్సీయే ఫాసిజమన్నారు జైలుకెళ్లినవాళ్లు, జనసంఘ్ సహా. సీపీఐ అయితే పట్నాలో ఫాసిస్టు వ్యతిరేక మహాసభ పెట్టి మరీ ఎమర్జెన్సీని వెనకేసుకొచ్చింది! ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి జేపీ పక్షాన నిలిచారు. అయినా 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్ర ఓటరు 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే కట్టబెట్టాడు. జనతా పార్టీకి దక్కింది సంజీవరెడ్డి గెలిచిన నంద్యాల ఒక్కటే. ఆయన సొంత జిల్లా అనంతపురం సీటూ కాంగ్రెస్‌దే.