ఒక స్ట్రిప్పు నిద్ర

(హైదరాబాదు, నిజాంపేట రోడ్డు. జూలై వాన. రాత్రి ఎనిమిది. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు, సగం దించిన షట్టరు కింద ఒక మందుల షాపు. ఒకప్పుడు దగ్గు మందులుండే అరలో ఇప్పుడు నిద్ర సామాను కొలువుదీరింది: గమ్మీలు, మెగ్నీషియం, అశ్వగంధ, ముక్కు పట్టీలు, నోటికి అంటించుకునే టేపు. జనానికి దగ్గు తగ్గలేదు. లాభం ఇటు మళ్లింది, అంతే. పాత్రలకు పేర్లు అక్కర్లేదు. మీ అపార్టుమెంటులో ఏ అంతస్తుకైనా సరిపోతారు.)

షాపాయన: చెప్పుండ్రి సార్, జల్ది. షట్టర్ దించాలె.

సాఫ్ట్‌వేర్: అన్నా, మెగ్నీషియం గ్లైసినేట్ కావాలి. సిట్రేట్ మాత్రం వద్దు. కిందటిసారి అది వేసుకుంటే నిద్ర సంగతేమో గానీ రాత్రంతా వేరే పని మీద లేవాల్సొచ్చింది.

షాపాయన: పోయిన నెల కొంటపోయిన డబ్బ ఒడిసిందా?

సాఫ్ట్‌వేర్: లేదు. అది పనిచెయ్యట్లేదు. నిన్న నా స్కోరు 58.

పంతులు: ఏ పరీక్షలో బాబూ?

సాఫ్ట్‌వేర్: నిద్రలో, మాస్టారూ. ఈ ఉంగరం వేసుకుని పడుకుంటే పొద్దున్నే మార్కులిస్తుంది.

పంతులు: మా రోజుల్లో 35 వస్తే పాసు. నువ్వు సెకండ్ క్లాసులో ఉన్నావు. వెళ్లి పడుకో.

అమెరికా పెద్దాయన: అక్కడ ఎవడూ ఇంత కష్టపడడు మాస్టారూ. న్యూజెర్సీలో మావాడి దగ్గర ఆరు నెలలున్నాను కదా, కొట్టుకెళ్తే సబ్బులూ షాంపూల పక్కనే మెలటోనిన్ సీసాలు. చీటీ లేదు, ప్రశ్న లేదు. ఇదిగో, స్ట్రాబెర్రీ రుచి. రెండు నమలడం, పక్క ఎక్కడం.

సాఫ్ట్‌వేర్: అయితే నిద్ర పడుతోందా అంకుల్?

అమెరికా పెద్దాయన: అదే... ఈమధ్య మూడు నములుతున్నాను.

(డాక్టరమ్మ వస్తుంది. గొడుగు ఉన్నా తడిసింది. బరువు చూసే మిషన్ కడ్డీకి ఆనుకుని నిలబడుతుంది. దాని ఎర్ర లైట్లు తిరుగుతుంటాయి. రూపాయి వెయ్యలేదు కనుక బరువు చెప్పదు.)

డాక్టరమ్మ: ఓఆర్ఎస్ రెండు, పారాసిటమాల్ ఒక స్ట్రిప్పు. త్వరగా అన్నా.

పంతులు: సమయానికి వచ్చావమ్మా! నాకు రెండేళ్లుగా నిద్ర లేదు. పాలల్లో జాజికాయ అయింది, గసగసాలయ్యాయి, అశ్వగంధ నడుస్తోంది. మన పెన్నేరు గడ్డేలే. లాటిన్‌లో దాని పేరు చివర ‘సోమ్నిఫెరా’, అంటే నిద్ర తెచ్చేది. తెల్లవాడే ఒప్పుకున్నాడు చూశావా! గ్రూపులో పెడితే తొంభై మంది దణ్ణాలు పెట్టారు.

డాక్టరమ్మ: 2023లో డెన్మార్క్ దాన్ని నిషేధించింది. కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు కూడా ఉన్నాయి. అది గ్రూపులో రాలేదా?

పంతులు: రాలేదమ్మా. వచ్చినా అడ్మిన్ నేనే, తీసేస్తాను.

డాక్టరమ్మ: కొంచెం మేలు కనపడిన పరీక్షలూ ఉన్నాయి లెండి. మీకు కావాల్సింది మాత్రం అది కాదనుకుంటా. రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?

పంతులు: ఎనిమిదిన్నరకల్లా. శాస్త్రం కదా. కానీ ఏం లాభం! రెండున్నరకి టంచనుగా మెలకువ. ఇక తెల్లారేదాకా గోడ గడియారంతో కాపురం.

డాక్టరమ్మ: మధ్యాహ్నం?

పంతులు: భోజనం చేశాక పడక్కుర్చీలో... రెండు గంటలు. కునుకు. అది నిద్ర కాదు.

డాక్టరమ్మ: మాస్టారూ, మీరు ఏ సబ్జెక్టు చెప్పేవారు?

పంతులు: లెక్కలు. ముప్పై ఏళ్లు.

డాక్టరమ్మ: ఎనిమిదిన్నర నుంచి రెండున్నర ఆరు. ఆరూ రెండూ?

(పంతులు వేళ్ల మీద లెక్కపెట్టి, సంకోచిస్తాడు.)

పంతులు: కునుకు నిద్ర కిందికి రాదమ్మా. అది వేరే పద్దు.

డాక్టరమ్మ: మెదడుకు ఒకటే పద్దు. మెలకువగా ఉన్నంతసేపూ నిద్ర ఒత్తిడి పేరుకుంటుంది. సాయంత్రానికి కొండంత పేరుకోవాల్సింది మీరు మధ్యాహ్నమే ఖర్చు పెట్టేస్తున్నారు. పొద్దుటి నుంచీ జంతికలు నమిలి రాత్రి అన్నం సయించడంలేదన్నట్టుంది. ఆ కునుకు మానేసి, పదిన్నరకు ముందు పక్క ఎక్కకండి.

పంతులు: పదిన్నరా! నేను చూసే సీరియళ్లు ఎనిమిదిన్నరకే అయిపోతాయి. అప్పటిదాకా ఏం చెయ్యను?

(పాఠకులు గమనించాలి. రెండేళ్లుగా జాజికాయ అరగదీసిన మనిషి రెండు గంటలు ఊరికే కూర్చోమంటే ఎలా బెదిరిపోయాడో.)

అమెరికా పెద్దాయన: నా సంగతి చూడమ్మా. ఇది పది మిల్లీగ్రాములు. చాలదంటావా?

డాక్టరమ్మ: మీ మెదడు ఒక రాత్రికి తయారుచేసుకునేదానితో పోలిస్తే ఇది కొండ. అరమిల్లీగ్రాముతో కూడా ప్రభావం కనపడుతుంది. పైగా సీసా మీద పది అంటే లోపల పదే ఉందని నమ్మకం లేదు. అక్కడ అది 1994 నాటి చట్టం ప్రకారం ఆహార సప్లిమెంటు. అమ్మే ముందు ప్రభుత్వం పాస్ చెయ్యక్కర్లేదు. బ్రిటన్‌లో అయితే డాక్టర్ చీటీ కావాలి. 2017లో కెనడాలో 31 రకాలు కొని పరీక్షిస్తే, రాసినదానికంటే 83 శాతం తక్కువున్నవి మొదలు 478 శాతం ఎక్కువున్నవి దాకా తేలాయి. ఎనిమిదింట్లో సెరటోనిన్ కూడా ఉంది.

అమెరికా పెద్దాయన: అమెరికా సరుకులోనా?!

షాపాయన: సార్ మొకం చూడుండ్రి. బిడ్డ పెండ్లి ఆగినంత పనైంది.

సాఫ్ట్‌వేర్: ఎంత ఉంటే ఏముంది మేడం, పనిచేస్తుందా లేదా?

డాక్టరమ్మ: అది గడియారం ముల్లు జరిపే హార్మోను. బయట చీకటి పడిందని ఒంటికి కబురు చెప్తుంది, మనిషిని పడుకోబెట్టదు. న్యూజెర్సీ నుంచి దిగిన వారం ఈయనకు కొంచెం పనికొచ్చేది. ఊరికే నిద్ర పట్టనివాళ్ల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, సగటున ఏడు నిమిషాలు ముందు పట్టిందట.

సాఫ్ట్‌వేర్: ఏడు నిమిషాలా? ఆ మూత తియ్యడానికే అంత పడుతుంది. పిల్లలు తెరవకుండా పెట్టారు, పెద్దవాళ్లు కూడా తెరవలేరు.

డాక్టరమ్మ: దాన్ని కనిపెట్టింది నిద్ర కోసం కూడా కాదు. 1958లో యేల్ యూనివర్సిటీలో లెర్నర్ అని చర్మ వైద్యుడు. చర్మం రంగు మార్చే పదార్థం వెతుకుతూ ఆవుల మెదళ్లలోంచి తీశాడు. కప్పల చర్మం తెల్లబడింది.

పంతులు: ఆవు మెదళ్లా! శివ శివా!

డాక్టరమ్మ: ఇప్పుడు ఫ్యాక్టరీలోనే చేస్తున్నారు మాస్టారూ, భయపడకండి. అయితే అంకుల్, గమ్మీ సాగడానికి కొందరు పెక్టిన్ వేస్తారు, కొందరు జిలటిన్. జిలటిన్ అంటే ఎముకలు, తోళ్లు ఉడికించింది. మీ సీసాలో ఏది?

అమెరికా పెద్దాయన: (సీసాను సెల్‌ఫోన్ టార్చి కింద పెట్టి) ఏకాదశి నాడు కూడా వేసుకున్నానే... ఈ అక్షరాలు చీమ కళ్లకైనా ఆనేలా లేవు. బాబూ, నువ్వు చదువు. వద్దొద్దు, చదవకు!

డాక్టరమ్మ: గురక పెడతారా?

అమెరికా పెద్దాయన: మా ఆవిడ పెడతానంటుంది. నేనెప్పుడూ వినలేదు.

డాక్టరమ్మ: మధ్యలో ఊపిరాగినట్టయి, ఉలిక్కిపడి లేస్తారా? పగలు కూర్చుంటే తూగు?

అమెరికా పెద్దాయన: సత్యనారాయణ వ్రతంలో ఏ కథా పూర్తిగా విన్న పాపాన పోలేదు. ఆవిడ పాపం హాల్లో పడుకుంటోంది.

పంతులు: లక్ష్మణస్వామి వనవాసానికి వెళ్తూ తన నిద్ర ఊర్మిళమ్మకు ఇచ్చిపోయాడు. పద్నాలుగేళ్లు. మీ ఇంట్లో వ్యవహారం తిరగబడినట్టుంది, మీరు ఆవిడ నిద్ర లాక్కున్నారు.

సాఫ్ట్‌వేర్: ట్రాన్స్‌ఫర్ చేసే వీలుండేదన్నమాట. ఇప్పుడెందుకు తీసేశారో!

డాక్టరమ్మ: అంకుల్, మీకు గమ్మీ కాదు, రాత్రి నిద్రలో చేసే పరీక్ష కావాలి. నిద్రలో ఊపిరి ఆగుతుంటే దానికి వేరే చికిత్స ఉంది. అది తేలేదాకా మత్తుబిళ్లల జోలికి మాత్రం పోకండి.

పంతులు: మత్తుబిళ్లంటే గుర్తొచ్చింది. (గొంతు తగ్గించి) ఏమయ్యా, ఆ ఆల్ప్రాజోలం... పాతిక పాయింట్లది... ఒక్క స్ట్రిప్పు. తెలిసినవాణ్ణి కదా.

షాపాయన: చిట్టి లేకుంట ఇయ్య సార్. తెలిసినోళ్లకైతే అసలే ఇయ్య. షెడ్యూలు హెచ్ వన్ అది. రిజిస్టర్ల మీ పేరు, డాక్టర్ పేరు, ఎన్ని గోలీలో రాసి మూడేండ్లు దాయాలె. అది ఇడువుండ్రి, 2015ల మా నిజామాబాద్ దిక్కు ఏమైందో ఎరికేనా? కల్లుల గిదే కలిపెటోళ్లు. తాగినోనికి కల్లు కిక్కు అనుకునుడు, లోపట గోలి. సర్కారు కల్తీ కల్లు బంద్ జేసింది. రెండొద్దులకు జనం చేతులు వణుకుడు, తలకాయ లేనట్టు మాట్లాడుడు, ఫిట్సు. దవాఖాన్ల మంచాలు చాలలె. నిద్ర కోసం కాదు, ఊకె కల్లుకు పోయినోళ్ల గతి అది. నెలల తరబడి మింగితే ఇడుసుడు గంత కష్టం. మీరేమో ఒక్క స్ట్రిప్పు అనవడ్తిరి.

డాక్టరమ్మ: నేను చెప్పాల్సింది ఈయనే చెప్పాడు.

(ఇక సాఫ్ట్‌వేర్ వంతు. ఇంతసేపూ అతను ఫోన్‌లో పట్టిక వెతుకుతున్నాడు. ఆ పట్టికలో లోతు నిద్ర, పై నిద్ర, కలల నిద్ర, గుండె లయ, గదిలో వేడి, అన్నీ ఉన్నాయి. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆఫీసు కాల్స్ ఉన్నాయన్న సంగతి మాత్రం ఏ గడిలోనూ లేదు.)

సాఫ్ట్‌వేర్: నావన్నీ పద్ధతిగా ఉన్నాయి మేడం. పసుపు కళ్లజోడు, నోటికి టేపు, ఆరింటికి చివరి కాఫీ...

డాక్టరమ్మ: సాయంత్రం ఆరింటికా? కాఫీలో కెఫీన్ సగం దిగడానికే ఐదు గంటలు పట్టొచ్చు. పదకొండింటికి అరకప్పు ఒంట్లో పెట్టుకుని, దాన్ని కొట్టడానికి మెగ్నీషియం మింగుతున్నారు. ఇంతకీ ఉంగరం చూసేదాకా పొద్దున ఎలా ఉంటుంది?

సాఫ్ట్‌వేర్: బానే ఉంటుంది. 58 చూశాక నీరసం వస్తుంది.

డాక్టరమ్మ: 2017లోనే షికాగో డాక్టర్లు ఈ మార్కుల జబ్బుకు ఓ పేరు పెట్టారు. ఆర్థోసోమ్నియా. మంచి మార్కుల కోసం పడుకుని, ఆ బెంగతో మెలకువగా ఉండటం. రెండు వారాలు ఉంగరం తీసెయ్యండి.

సాఫ్ట్‌వేర్: తీసేస్తే నేను నిద్రపోయానో లేదో నాకెలా తెలుస్తుంది?

(ఎవరూ మాట్లాడరు. వాన మాత్రం కురుస్తోంది. ఈలోగా డాక్టరమ్మ తల బరువు మిషన్ మీదికి వాలింది.)

అమెరికా పెద్దాయన: (గుసగుసగా) నిలబడే నిద్రపోతోంది! ఏం వాడుతుందో కనుక్కోండి.

సాఫ్ట్‌వేర్: మేడం... మేడం! ఏ బ్రాండు?

డాక్టరమ్మ: (ఉలిక్కిపడి) ఆ? ముప్పయ్యారు గంటల డ్యూటీ. ఆగకుండా. మీరూ వాడి చూడండి, గ్యారంటీ.

పంతులు: అదికాక ఇంకేదైనా...

డాక్టరమ్మ: ఉంది. 2016 నుంచి అమెరికా ఫిజీషియన్ల సంఘం కూడా పాత నిద్రలేమికి మందుకంటే ముందు చెయ్యమంటున్నది అదే. పొద్దున రోజూ ఒకే వేళకు లేవాలి, రాత్రి పట్టినా పట్టకపోయినా. మంచం నిద్రకే. ఇరవై నిమిషాల్లో పట్టలేదనిపిస్తే లేచి బయటికొచ్చి కూర్చోవాలి, నిద్రొచ్చినప్పుడే వెనక్కి. ఎనిమిది గంటలు దొర్లి ఐదున్నర నిద్రపోతున్నారా? మంచం మీద ఐదున్నర గంటలే ఉండండి. అది నిండా నిద్రయ్యాక కొంచెం కొంచెం పెంచుకోవచ్చు. మొదటి రెండు వారాలు నరకం. తర్వాత చాలామందికి దారిలో పడుతుంది.

పంతులు: నిద్ర రావట్లేదని వస్తే పక్క తగ్గించమంటావేంటమ్మా! ఆకలేస్తోందంటే కంచం లాక్కున్నట్టు!

సాఫ్ట్‌వేర్: ఆదివారం కూడా అదే వేళకా?

డాక్టరమ్మ: మీ మెదడుకు వారాల పేర్లు తెలియవు.

సాఫ్ట్‌వేర్: దీనికెంత అవుతుంది మేడం?

డాక్టరమ్మ: ఏమీ అవ్వదు.

(ఈ మాటతో ముగ్గురి ముఖాల్లో గౌరవం చప్పున జారిపోయింది. ఉచితమైన వైద్యాన్ని నమ్మినవాడు ఈ రోడ్డు మీద ఇంకా పుట్టలేదు.)

అమెరికా పెద్దాయన: ఊరికే నోటితో అంటే ఎలా? ఒక కాగితం మీద రాసిస్తే...

షాపాయన: మేడం, నాక్కూడ రాయుండ్రి. నాకూ నిద్ర లేదు.

డాక్టరమ్మ: నీకేమైంది అన్నా?

షాపాయన: గా గమ్మీ డబ్బలు. పది కొంటె రెండు ఫ్రీ అని ఏజెంటోడు నలభై అంటగట్టిండు. ముప్పై గట్లనే ఉన్నయి, వచ్చే నెల ఎక్స్‌పైరీ. కండ్లు మూస్తే తేదీలే కనవడ్తయి. డబ్బ ముంగట ‘గాఢ నిద్ర’ అని ఉంటది, ఎనుక సన్నగ ‘మందుగా వాడరాదు’ అని ఉంటది. నడుమ ఇరుక్కున్నోన్ని నేను.

(డాక్టరమ్మ నవ్వి, ఓఆర్ఎస్ కొన్న బిల్లు వెనక రెండు ముక్కలు రాసి సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టి, గొడుగు తెరిచి నీళ్లలోకి దిగిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఆ చీటీని తిప్పి తిప్పి చూసి, డాక్టర్ చీటీకి జరిగే మర్యాదే దానికీ జరిపిస్తాడు: కౌంటరు మీద పెట్టి ముందుకు తోస్తాడు.)

సాఫ్ట్‌వేర్: అన్నా, ఇది ఉందా?

షాపాయన: (కళ్లజోడు పెట్టుకుని) ‘ఏడింటికి లేచుడు. రోజూ. ఉంగరం బంద్.’ (వెనక అరకేసి చూసి) గిది మా తాన రాదు సార్. సబ్‌స్టిట్యూట్ ఇయ్యమంటరా?