ఒంటికి ఇంతమంది డాక్టర్లు

మా రోజుల్లో ఇంటికో డాక్టరు ఉండేవాడు. ఇప్పుడు ఒంట్లో ఒక్కో భాగానికి ఒక్కో డాక్టరు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు మాదాపూర్ నిండా బండరాళ్లే. ఇప్పుడు గచ్చిబౌలి దాకా ఎటు చూసినా అద్దాల ఆసుపత్రులు. ఒంట్లో బాగాలేదని వెళ్తే "ఏ డిపార్ట్‌మెంట్ అంకుల్?" అంటుంది కౌంటర్లో అమ్మాయి. అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తానమ్మా!

రామచంద్రాపురంలో మా డాక్టరు గారి బోర్డు మీద ఎంబీబీఎస్ తప్ప ఇంకో అక్షరం లేదు. సీసాకి డోసుల లెక్కన కత్తిరించిన కాగితం అంటించి, ఎర్ర మిక్చరు పోసిచ్చేవాడు కాంపౌండరు. మా నాన్న ఆయాసం, మా ఆవిడ కాన్పులు, నా కడుపుమంట అన్నీ ఆయన బుర్రలోనే ఉండేవి.

అలాగని ఆ కాలాన్ని నెత్తికెత్తుకోను. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రి 1955 నుంచీ ఉంది. అయినా రొమ్ములో గడ్డ సంగతి మా పెద్దమ్మ ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. పుండు పడ్డాక తీసుకెళ్తే ఏం లాభం? మా కోడలు గడ్డ చేతికి తగిలిన వారంలోనే పరీక్ష చేయించుకుంది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యి మళ్లీ ఆఫీసుకి వెళ్తోంది. ఆ డాక్టర్లకి దణ్ణం పెడతాను.

నా గొణుగుడంతా ఆ తర్వాతి సంగతి. చివరి రేడియేషన్ రోజు ఫొటో తీసి, "ఆర్నెల్లకి రండి" అని పంపించారు. మరి ఆ ఆర్నెల్లూ ఆ పిల్ల ఎవరి పేషెంటు?

చంకలో గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాచింది. గాజులు దిగకపోతే గానీ తెలియలేదు. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే మెడ ఎక్స్‌రే తీశారు. రోజూ వేసుకునే టామాక్సిఫెన్ బిళ్ల కనీసం ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. దాంతో ఒంట్లోంచి ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు, నిద్ర లేదు, దిగులు. మానసిక వైద్యుడు పెరాక్సిటిన్ రాశాడు. మంచి మందే. కాకపోతే టామాక్సిఫెన్ ఒంటికి పనికొచ్చేలా మారాలంటే లివర్‌లో ఒక ఎంజైము కావాలి, ఈ మందు దానికే అడ్డం పడుతుంది. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

చూసిందెవరయ్యా అంటే, కొండాపూర్ సందులో ఒక ముసలి ఎంబీబీఎస్. దగ్గుకని వెళ్తే "ఇంకేం మందులు వాడుతున్నావమ్మా?" అని అడిగాడు. కోడలు హ్యాండ్‌బ్యాగ్ బల్ల మీద బోర్లించింది. ఆయన ఒక్కో అట్టా కళ్లద్దాల దగ్గరగా పెట్టుకుని చదివి, క్యాన్సర్ డాక్టరుకి తనే ఫోన్ చేశాడు. మందు మార్పించాడు. వాచిన చేతికి ఫిజియోథెరపీ కూడా రాశాడు. ఫీజు చెబితే మావాడు నమ్మలేదు, ఇంకా ఏదో బిల్లు వస్తుందేమోనని నిలబడ్డాడు.

ఇది నా ముసలి చాదస్తం అనుకునేవాళ్లకి కెనడా సంగతి చెబుతాను. అక్కడ ఎవా గ్రన్‌ఫెల్డ్ బృందం చికిత్స అయిపోయిన 968 మందిని తీసుకుని, కొందరిని క్యాన్సర్ సెంటర్‌కీ, కొందరిని ఫ్యామిలీ డాక్టర్‌కీ అప్పగించింది. జబ్బు తిరగబెట్టడంలో గానీ, దానివల్ల వచ్చే చిక్కుల్లో గానీ పెద్ద తేడా లేదని 2006లో తేల్చారు. ఫ్యామిలీ డాక్టర్లకి వాళ్లిచ్చిన సరంజామా ఏం చూడాలో రాసిన ఒక్క పేజీ. ఇక్కడేమో ఏ బాధా లేని మనిషికి కూడా పెట్ స్కాన్, ట్యూమర్ మార్కర్లు కలిపి ప్యాకేజీ అంటారు. ఏటా మామోగ్రామ్, డాక్టరు చేత్తో చేసే పరీక్ష, కొత్త నొప్పులేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న, అసలు కావలసినవి ఇవీ.

అలాంటి ఒక్క పేజీ మా ముసలి డాక్టరుకి ఇద్దామని ఆసుపత్రికి వెళ్లాను. ఏ ఆపరేషన్ చేశారు, ఏ మందులిచ్చారు, ఎప్పటిదాకా వాడాలి, అంతే రాసిమ్మన్నాను. "అన్నీ యాప్‌లో ఉన్నాయి అంకుల్, ఓటీపీ చెప్పండి" అంది కౌంటర్లో అమ్మాయి. ఓటీపీ మావాడి ఫోన్‌కి వెళ్లింది. వాడు మీటింగ్‌లో ఉన్నాడు.