కాగితం మీద కారని పంపు

మన ఫ్యాక్టరీల్లో ప్రతి పంపూ రెండు చోట్ల నడుస్తుంది. పంప్‌హౌస్‌లో ఒకటి, లాగ్‌షీట్‌లో ఒకటి. పంప్‌హౌస్‌లోదానికి గ్లాండ్ కారుతుంటుంది, బేరింగ్ మూలుగుతుంటుంది. ఫౌండేషన్ బోల్టు ఒకటి ఎప్పుడో ఊడి కాలువలో పడింది, మిగతా మూడూ తమ వంతు కోసం ఎదురుచూస్తున్నాయి. లాగ్‌షీట్‌లోది మాత్రం నిత్యయవ్వని. పొద్దున ఆరింటికి డిశ్చార్జి ప్రెషర్ 4.2 కేజీలు. ఎనిమిదింటికి 4.2. పదింటికి దాని కేసింగ్ విప్పి, ఇంపెల్లర్ బల్ల మీద పెట్టి ఫిట్టరు ఎమెరీ కాగితంతో రుద్దుతున్నప్పుడు కూడా 4.2. మధ్యాహ్నం రెండింటి రీడింగును పొద్దున ఏడింటికే రాసి, టిఫినుకు వెళ్లగల దివ్యజ్ఞానులు ప్రతి షిఫ్టులోనూ ఉన్నారు. టీవీల్లో రాశిఫలాలు చెప్పేవాళ్లు వీళ్ల ముందు దిగదుడుపే. వాళ్లవి అప్పుడప్పుడు తప్పుతాయి.

ఆడిట్‌కు వచ్చే పెద్దలు ఏ పంపును పరీక్షిస్తారో వేరే చెప్పాలా? ఏసీ గదిలో, జీడిపప్పు పళ్లెం పక్కన, ఫైలులో ఉన్నదాన్నే. అది చప్పుడు చేయదు, బట్టలకు గ్రీజు అంటించదు. సంతకాలున్నాయా, తేదీలున్నాయా, ప్రతి గడీ నిండిందా అని చూస్తారు. గడి ఖాళీగా ఉంటే నేరం. గడిలో అబద్ధం ఉంటే రికార్డు. ఈ చిన్న తేడా తెలియనివాడు మన పరిశ్రమలో ఆరు నెలలు కూడా నిలవలేడు.

ఒకవేళ పెద్దమనిషి పొరపాటున పంప్‌హౌస్ దాకా నడిచి వస్తాడేమోనని దానికీ ఏర్పాటు ఉంది, రంగు. ముందురోజు రాత్రి నలుగురు కాంట్రాక్టు కూలీలు రెండు డబ్బాలతో దిగుతారు. పంపుకు రంగు, మోటారుకు రంగు, తుప్పుకు రంగు. గ్రీజు ఎక్కించాల్సిన నిప్పుల్‌కూ రంగే, నేమ్‌ప్లేటుకూ రంగే. ఆ పంపు ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో ఇక దాన్ని చేసినవాడు వచ్చి చెప్పాల్సిందే. ఒక యూనిట్‌లో ప్రెషర్ గేజీ అద్దం మీద కూడా చక్కగా రెండు కోట్లు వేశారు. అద్దం కనిపించకపోయినా లాగ్‌షీట్‌లో 4.2 ఆగలేదు.

ఇక్కడ ఆపరేటర్‌ను దోషిగా నిలబెట్టి నవ్వుకోవడం తేలిక. కానీ అతను పుట్టుకతోనే అబద్ధాలకోరు కాదు. కొత్తగా చేరిన రోజుల్లో గేజీ చూసి 3.1 అని రాశాడు. ఇన్‌చార్జి పిలిచాడు.

“ఏంట్రా ఇది? 3.1 అని ఎవడు రాయమన్నాడు?”

“గేజీలో అంతే ఉంది సార్.”

“ఉంటే? రాస్తే పంపు ఆపాలి. ఆపితే ప్రొడక్షన్ మీ నాన్న ఇస్తాడా? పైన కొట్టేసి నాలుగు పాయింట్ రెండు వెయ్యి.”

ఆ ఒక్క పాఠం చాలు. చూసింది రాస్తే సంజాయిషీ, చూడకుండా రాస్తే షిఫ్టు ప్రశాంతం. తరవాత ఎవరో మేధావి టాబ్లెట్లు తెప్పించి, ప్రతి పంపుకూ క్యూఆర్ స్టిక్కరు అంటించాడు. దగ్గరకు వెళ్లి స్కాన్ చేస్తేగానీ రీడింగు ఎక్కదట. ఆ స్టిక్కర్లను ఫోన్లో ఫొటో తీసుకుని కంట్రోల్ రూములో కూర్చునే స్కాన్ చేసే విద్య మనవాళ్లకు వారంలో వచ్చేసింది. నిజం చెప్పినవాడికి చీవాట్లు పడే చోట ఏ సాఫ్ట్‌వేరూ నిజం రాబట్టలేదు.

అసలు పంపును చూడటమంటే ఏమిటో తెలిసిన ఫిట్టర్లు ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. అలాంటివాడు వచ్చాడంటే ముందు చేయి పెట్టడు, చెవి పెడతాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ హౌసింగ్ మీద, పిడి చెవి దగ్గర. పంపు లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు వినిపిస్తే సక్షన్ వైపు నడుస్తాడు. స్ట్రెయినరు పూడిపోయి పంపుకు సరిపడా ద్రవం అందక, బుడగలు పుట్టి పగిలి ఇంపెల్లర్‌ను కొరికేస్తున్నాయని అతనికి ఆ చప్పుడే చెబుతుంది. గ్లాండ్ ప్యాకింగ్ దగ్గర చుక్కలు లెక్కపెడతాడు. నిమిషానికి కాసిని చుక్కలు రాలడం జబ్బు కాదు, షాఫ్టును చల్లగా ఉంచేది ఆ చుక్కలే. ఆడిటర్ వస్తున్నాడు, నేల తడిగా ఉండకూడదని నట్టు బిగించేస్తే ప్యాకింగ్ మాడి, స్లీవు గీరుకుపోయి, పది రోజుల్లో చుక్క కాస్తా ధార అవుతుంది. అది నీళ్ల పంపయితే సరే. సాల్వెంటు పంపయితే?

నీళ్ల పంపే కదా అనీ తీసిపారేయనక్కర్లేదు. సక్షన్, డిశ్చార్జి వాల్వులు రెండూ మూసి ఉండగా ఎవరో స్టార్ట్ నొక్కితే మోటారు శక్తంతా లోపలి నీళ్లను కాచడానికే పోతుంది. ఆవిరికి దారి ఉండదు, కేసింగ్ బాంబులా పేలుతుంది. అలా పేలిన పంపులున్నాయి. ఎవరు నొక్కుతారంటారా? కంట్రోల్ రూములో, పంపు మొహం చూడకుండా, మౌసుతో.

అందుకే తాళం వేయమన్నారు. స్టాప్ బటన్ నొక్కడం ఐసొలేషన్ కాదు. కరెంటు పానెల్‌లో బ్రేకర్ బయటికి లాగి, తాళం బిగించి, తాళంచెవిని పని చేసేవాడు జేబులో వేసుకోవాలి. ఆ తరవాత స్టార్ట్ నొక్కి చూసి, తిరగట్లేదని తేల్చుకోవాలి. దీన్నే లోటో అంటారు. మన దగ్గర లోటో తాళాలు ఎర్రగా, ముచ్చటగా, గోడకున్న అద్దాల బీరువాలో వేలాడుతుంటాయి. బీరువాకు తాళం. దాని చెవి సేఫ్టీ ఆఫీసర్ దగ్గర. ఆయన లోటో మీద శిక్షణ ఇవ్వడానికి వేరే యూనిట్‌కు వెళ్లారు.

కాబట్టి హెల్పరు అలాగే స్పానర్ పట్టుకుంటాడు. అచ్యుతాపురం, పరవాడ వైపు ఏ యూనిట్‌లోనైనా ఈ మాటలు వినిపిస్తాయి.

“సార్, లైను కాళీ అయినట్టేనా?”

“ఏట్రా నీ గోల! గేజీ సున్నా సూపిస్తోంది కదా, ఇప్పీ!”

ఆ గేజీ పంపు నడుస్తున్నప్పుడూ సున్నాయే చూపిస్తుందని ఇద్దరికీ తెలుసు. డ్రెయిన్ తెరిచి చూద్దామంటే డ్రెయిన్ గడ్డకట్టి ఉంది. వాల్వు మూశారు సరే, పాసింగ్ ఉందేమో, అంటే మూసినా కారుతోందేమో, ఎవరు చూశారు? పాత ఫిట్టరయితే ఫ్లాంజ్‌లో తనకు అవతలి వైపు బోల్టు ముందు సడలిస్తాడు. లోపల ఏదైనా మిగిలి ఉంటే మొహం మీదికి రాకుండా అటు చిమ్ముతుందని. కానీ హెల్పరు నిన్ననే చేరాడు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినట్టు మాత్రం శిక్షణ రిజిస్టరులో సంతకం ఉంది.

2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ ఏమనేదో చూడండి. తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించాల్సి వస్తే ప్రత్యేకంగా శిక్షణ పొందిన మనిషే ఆ పని చేయాలి, ఒంటికి బిగుతైన బట్టలు వేసుకోవాలి, ఆ బట్టలు యాజమాన్యమే ఇవ్వాలి, అతని పేరు రిజిస్టరుకెక్కాలి. ఇందులో రిజిస్టరు ముక్క మనకు బాగా నచ్చింది, దాన్ని తుచ తప్పకుండా పాటిస్తున్నాం. బట్టల సంగతికొస్తే, కప్లింగ్ గార్డు లేని షాఫ్టు పక్కన మెడలో తువ్వాలుతో వంగిన మనిషిని అడగండి.

ఇది మన ఒక్కళ్ల ప్రతిభే అనుకుంటే తెల్లవాళ్లు నొచ్చుకుంటారు. స్కాట్లండ్ తీరానికి దూరంగా ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం ఉండేది. అక్కడ గ్యాస్ నుంచి విడిపోయిన ద్రవాన్ని లైనులోకి నెట్టడానికి రెండు పంపులు, ఏ, బి. 1988 జులై 6న ఏ పంపు ఆపారు. దాని సేఫ్టీ వాల్వును పరీక్షకని ఊడదీశారు. సాయంత్రానికి పని పూర్తికాలేదు, ఖాళీ ఏర్పడిన చోట బ్లైండ్ ఫ్లాంజ్ పెట్టారు, గట్టిగా బిగించలేదు. ఆ వాల్వు పని మీద ఒక పర్మిట్, పంపు మరమ్మతు మీద మరో పర్మిట్. రెండూ వేర్వేరు చోట్ల. షిఫ్టు మారింది. రాత్రి పావు తక్కువ పదికి బి పంపు ట్రిప్ అయింది, ఎంత చేసినా లేవలేదు. పంపు లేకపోతే మొత్తం ప్లాట్‌ఫాంకు కరెంటు పోయే ప్రమాదం. నైట్ షిఫ్టువాళ్లు ఏ పంపు పర్మిట్ వెతికి చూశారు. మరమ్మతు ఇంకా మొదలే కాలేదని ఉంది. సేఫ్టీ వాల్వు లేదని చెప్పే కాగితం వాళ్ల కంట పడలేదు. ఆ వాల్వు ఉండాల్సిన చోటు పంపు దగ్గర నిలబడినవాడికి కనిపించదు. స్టార్ట్ చేశారు.

పదింటికల్లా పేలింది. 167 మంది పోయారు.

ఇందులో ఇంకో పంపుంది. మంటలార్పే నీటి పంపు. ఒత్తిడి పడిపోగానే దానంతటదే లేవాల్సిన డీజిల్ పంపులను ఆ రోజు మాన్యువల్‌లో పెట్టారు. సముద్రంలో డైవర్లు పనిచేస్తున్నారు, నీళ్లతోపాటు వాళ్లను కూడా పంపులు లాగేసుకుంటాయేమోనని. డైవర్లు పంపు నోటి దగ్గర లేనప్పుడు అలా పెట్టవద్దని అంతకుముందే ఒక ఆడిట్ చెప్పింది. ఆడిట్ చెప్పింది, ఫైలు విన్నది. మాన్యువల్ బటన్ నొక్కడానికి మంటల్లోంచి వెళ్లగలిగినవాడు లేడు. విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ 1990 నవంబరులో నివేదిక ఇచ్చారు, 106 సిఫార్సులతో. పర్మిట్లకు రాసిపెట్టిన పద్ధతి ఉంది, ఆ పద్ధతిగా వాడటమే లేదని అందులో తేలింది. పని ముగించినవాళ్లు పక్కవాడితో ఒక మాట కూడా చెప్పకుండా కాగితం కంట్రోల్ రూము బల్ల మీద పడేసి పోయేవాళ్లట. ఎక్కడో విన్నట్టు లేదూ?

మన విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఒక ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరై ఊరి మీద పడింది. పన్నెండు మంది పోయారని రాష్ట్ర ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ లెక్క. ట్యాంకులో సరుకును తిప్పి చల్లబరిచే ఏర్పాటులో పైపును 2019 డిసెంబరులో మార్చారు. దాంతో లోపల సరుకు సరిగ్గా కలియడం మానేసింది. చల్లబరిచే యంత్రాన్ని పగలు నడిపి సాయంత్రానికి ఆపేసేవారు. అసలు ముచ్చట థర్మామీటరుది. అది ట్యాంకు అడుగున ఉంది. అడుగు చల్లగా ఉంది, పైన ఉడికిపోతోంది. రికార్డులో ఎక్కింది అడుగు చల్లదనమే. అబద్ధం రాయకుండా అబద్ధం రాయించుకోవడంలో ఇదే పరాకాష్ఠ. ఇక సైరన్. ఊరిని లేపడానికి 36 చోట్ల మీట ఉంది, ఒక్కటీ ఎవరూ నొక్కలేదు.

వ్యర్థజలాలను శుద్ధి చేసే ఈటీపీ సంపులో పంపు ఇరుక్కుంటే కథ ఇంకా చిన్నది. మనిషి దిగే ముందు అర్హుడైన మనిషి లోపలి గాలి పరీక్షించి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదంటే దిగేవాడు శ్వాస పరికరం, తాడు కట్టిన బెల్టు పెట్టుకోవాలి అనేది అదే ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్. పర్మిట్‌లో ఆక్సిజన్ 20.9 అని ఉంటుంది. మీటరు చార్జింగ్‌లో ఉంటుంది. బయటి గాలిలో ఎంత ఉంటుందో చిన్న పిల్లలకూ తెలుసు కాబట్టి మీటరు అక్కర్లేదు. మొదటివాడు పడిపోతాడు, వాణ్ని లాగడానికి రెండోవాడు దిగుతాడు, వాడూ పడిపోతాడు. 20.9 మాత్రం చెక్కుచెదరదు.

దైవభక్తిలో లోటు చేశామని ఎవరూ అనలేరు. దసరాకు పంపులన్నిటికీ బొట్లు, ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌కు కాస్త పెద్దది. కుంకుమ దట్టంగా పట్టి మర్నాడు బటన్ కదలదు, అది వేరే సంగతి. మార్చి 4న భద్రతా దినోత్సవం. ప్రతిజ్ఞ, ఫ్లెక్సీ, నినాదాల పోటీ. మొదటి బహుమతి స్టీలు క్యారేజీ, హెచ్ఆర్‌లో కంప్యూటరు ముందు కూర్చునే అబ్బాయికి. చేతికి గ్లవుజులు లేని హెల్పరు చప్పట్లు కొడతాడు, ఆ చప్పట్లు బాగా వినిపిస్తాయి.

తరవాత ఏదో ఒక రాత్రి ప్రమాదం. విచారణలో కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి, ఎందుకు ఉండవు? జీవితాంతం కాపాడుకొచ్చింది వాటినే కదా. కాగితం తప్పు చేయలేదు, యంత్రం తప్పు చేయలేదు, కాబట్టి పోయినవాడే తప్పు చేశాడని తేలుతుంది. మానవ తప్పిదం. అయితే ఆ మానవుడు ఎప్పుడూ కాంట్రాక్టు మానవుడే ఎందుకవుతాడో కనుక్కోవడానికి ఇంతవరకు ఏ కమిటీనీ వేయలేదు.

ఫ్యాక్టరీ మేనేజరు గారూ, మీకు రేపు పొద్దున పది నిమిషాల పని. ఏ పంపు మీదైనా మరమ్మతు జరుగుతుంటే అక్కడికి మీరే నడిచి వెళ్లండి. పర్మిట్ అడగకండి, దాంట్లో అన్నీ ఉంటాయి. స్పానర్ పట్టుకున్న మనిషిని జేబులోంచి తాళంచెవి తీసి చూపించమనండి. అతని దగ్గర లేకపోతే పని ఆపించండి. ఆరోజు షిఫ్టులో ఎవరైనా 3.1 అని రాస్తే వాణ్ని తిట్టకండి, పంపు ఆపండి.