మేకుల పద్యమునకు టీకా తాత్పర్యము

అవతారిక

కొలచల మల్లినాథసూరి మొదలుగా మన వ్యాఖ్యాతలు రఘువంశ కుమారసంభవాదులను చేపట్టి, ఒక్కొక్క పదమును విడదీసి, అన్వయించి, కోశములు చూపి, అలంకారములు నిర్ణయించి లోకోపకారము గావించిరే గాని, మంచుబండి క్రింద తిరుగు రబ్బరుపట్టెకు మేకులు బిగించు విధానమును వ్యాఖ్యానార్హమైన వస్తువుగా వారిలో నొక్కడును తలపలేదు. అందులకు వారిని నిందింప వీలులేదు, ఏలయన మల్లినాథుని మెదకుసీమలో చెరువు లెండుటయే గాని గడ్డకట్టుట యెన్నడును లేదు.

గడ్డకట్టు దేశములు వేఱు. అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రములయందును, కెనడాలోని క్వెబెక్, అంటారియో సీమలయందును శీతకాలము ముదిరిన పిదప సరస్సులు బాటలగును. క్వెబెక్‌లోని వాల్కోర్ గ్రామవాసి జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియే పండ్లచక్రముతో రబ్బరుపట్టెను త్రిప్పు ఉపాయమునకు 1937లో పేటెంటు పొంది, 1959లో ఒకరిద్దరు కూర్చుండదగిన చిన్నబండిని ‘స్కీడూ’ అను పేర విపణిలోనికి తెచ్చెను. మిన్నెసోటాలోని రోజో పట్టణమున పోలారిస్ వారును, థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఆర్కిటిక్ క్యాట్ వారును అట్టి బండ్లకే ప్రసిద్ధికెక్కిరి. బండికి ముందు దారి తిప్పుటకు రెండు స్కీలు, వెనుక త్రోయుటకు ఒక్క రబ్బరుపట్టె. ఆ పట్టెమీద వరుసలుగా లేచియుండు రబ్బరు గట్లకు లగ్గులని పేరు. ఇంతమాత్ర మెఱిగినవాడు ఈ పద్యమునకు అధికారి.

మూలము

మంచుగడ్డపైఁ బరువెత్తు మరలబండి
పట్టెనడుమను నాటుమీ పదునుమేకు
మొనలు లగ్గుల మించుట మూరకాదు
స్కీలు మరచిన వానికిఁ జేటు మూడు

ఇది తేటగీతి. మూలకర్తయు వ్యాఖ్యాతయు నొక్కడే యగుటచే కవిహృదయ విషయమున వివాదము లుండవలసిన పనిలేదు. అయినను కొన్ని యున్నవి.

టీక

మంచుగడ్డపైన్ = నీరు పేరుకొని గట్టిపడిన గడ్డమీద. ఇచ్చట ‘గడ్డ’ యను పదము ఊరక పడినది కాదు, వ్యావర్తకము. ఆకసమునుండి రాలి మెత్తగా పేరుకొన్న హిమములో లగ్గులు తమంతట తామే దిగబడి బండిని త్రోయును. రెండు మూడంగుళముల లగ్గులు గల పట్టెలతో కొండలమీది లోతుమంచులో విహరించు వారికి మేకులవలన బరువు దక్క వేఱు లాభము లేదు. అట్టివారికి ఈ పద్యము చెప్పబడలేదని మొదటి పదముతోనే కవి వారిని సాదరముగా పంపివేసినాడు. మిగిలినవారు సరస్సులు దాటువారు, పదేపదే బండ్లు నడచి నునుపెక్కిన బాటలమీద పోవువారు.

పరువెత్తు = వేగముగా పోవునట్టి. ఇది ఉపలక్షణము, నిలుచుటయు నిందే అంతర్భూతము. మేకులు ముందునకు దూకుటకని క్రొత్తవారు తలంతురు గాని, నిగనిగలాడు గడ్డమీద బ్రేకు నొక్కినప్పుడు పట్టె తిరుగుట మానినను బండి జారుట మానక, వెనుకభాగము పక్కకు తిరిగి, నడుపువాడు తాను వచ్చిన దారినే చూచుచు ముందునకు పోవుట ఒక్కమాఱు సంభవించెనేని, మేకుల ప్రథమ ప్రయోజనము నిలుపుటయే యని వానికి బోధపడును. ‘పరువెత్తు’ అని పైకి చెప్పి ‘నిలుచు’ అని లోన ధ్వనింపజేయుట కవి చమత్కారము.

మరలబండి = యంత్రశకటముయొక్క. స్పష్టము.

పట్టెనడుమను = పట్టెయొక్క మధ్యభాగమునందు. ఇచ్చట కొంత నిలువవలసియున్నది. పదునైదంగుళముల వెడల్పును, 121 అంగుళముల చుట్టుకొలతయు గల పట్టె చిరకాలము వాడుకలో నున్నది. దానియందు రెండున్నర అంగుళములకు వెంట్రుకవాసి యెక్కువగా, అనగా 2.52 అంగుళముల కొక వరుస చొప్పున 48 వరుసలు. నడిమి పట్టీ యొకటి, అటునిటు అంచుపట్టీలు రెండు, వానినడుమ పండ్లచక్రము పట్టుకొనుటకు కిటికీలు. నడిమి పట్టీలో వరుసకు రెండేసి చొప్పున నాటినచో 96 మేకులగును. అంచుపట్టీలలో వరుస కొక్కటి చేర్చినచో 144 అగును.

గుఱ్ఱపుశక్తి కొక మేకు చొప్పున నుండవలెననువారు ఒక పక్షము. వీరి వాదము వినుటకు సొంపుగానున్నది, లెక్కకు సులభముగానున్నది. కాని గడ్డకు ఇంజనుయొక్క గుఱ్ఱము లెన్నియో తెలియదు. నిదానముగా సరస్సు దాటు గృహస్థునకును, ప్రతి మలుపునను పోటీపడు యువకునకును ఇంజన్లు సమానమే యైనను మేకులు సమానము కానక్కఱలేదు. కవి ‘నడుమను’ అని సప్తమితో స్పష్టముగా చెప్పియుండుటచే 96 మేకుల పక్షమే మూలసమ్మతమని మా నిర్ణయము. పైగా ఒక్కపొర బట్టతో తేలికగా చేసిన పట్టెలలో అంచున నాటిన మేకు రబ్బరును చీల్చుకొని ఊడివచ్చు భయ మున్నది. అట్టివానికి నడుమనే నాటవలెనని తయారుచేయువారు సయితము హెచ్చరింతురు. రెండుపొరల పట్టె గలవారు కావలసినచో అంచులకు పోవచ్చును.

నడుమనన్నంతమాత్రమున అన్నియు నొకే గీతమీద నాటరాదు. ముందుమేకు చీల్చిన గాడిలోనే వెనుకమేకు పడెనేని, ఒకే చాలులో వెనుకవెనుక నడచు నాగళ్లవలె, మొదటిదానికి తప్ప తక్కినవానికి పని యుండదు. కావున వరుసవరుసకు చోటు మార్చి, మేకులు గీచు గీతలు వీలైనన్ని వేర్వేఱుగా నుండునట్లు అమర్చుట శాస్త్రము.

నాటుమీ = తప్పక నాటుమా. ‘నాటుము’ విధి, ‘ఈ’ హెచ్చరిక. హెచ్చరిక కెంత యవకాశమున్నదో బిగించుటకు కూర్చున్న వానికే తెలియును. ముందుగా అచ్చుకాగితము పట్టెమీద పఱచి రంగుతో గుర్తులు పెట్టవలెను. రంధ్రము చేయుటకు మామూలు డ్రిల్లు పనికిరాదు. అది రబ్బరులోని దారములను చుట్టుకొని లాగివేయును. బోలుగా నుండి అంచుతో కోయు ప్రత్యేకపు బిట్టుతో గుండ్రని ముక్కను తీసివేయవలెను. మేకుతల పట్టె లోపలివైపునుండి వచ్చును, మొన వెలుపలికి పొడుచుకొనును. వెలుపల దానిక్రింద బ్యాకరు బిళ్ల, బిళ్లపై నట్టు. బిళ్ల అల్యూమినియముదైనచో తేలిక, ఉక్కుదైనచో దృఢము. రెండు మేకులకు కలిపి యొకే బిళ్ల వేసినచో మేకు వెనుకకు వాలుట తగ్గును. అందుచే చేతనైనవారికి జంటబిళ్లయే మేలని మా యభిప్రాయము.

నట్టు బిగించుట యెంతవఱకు? మేకుతల రబ్బరుతో సమముగా అణగువఱకు. వదులుగా నున్నచో మేకు ఊగి ఊగి రంధ్రమును పెద్దది చేసికొనును. మిక్కిలి బిగించినచో తల బట్టపొరను కోసికొని దిగిపోవును. వదులునకు మందు కలదు, మరల బిగింపవచ్చును. కోసికొని దిగినదానికి మందు లేదు. ఇట్లు తొంబదియాఱు మాఱులు చేయవలెను. నలుబది దాటిన పిదప చేయి తనంతట తాను పనిచేయుచున్నదని సంతోషించి రేడియో పెట్టువాడు డెబ్బదియవ మేకువద్ద ‘ఈ’కార మేల వచ్చినదో గ్రహించును.

పదునుమేకు = వాడియైన మేకును. ఒడలు ఉక్కు, కొన టంగ్‌స్టన్ కార్బైడు. ‘పట్టెనడుమను నాటుమీ మొద్దుమేకు’ అని పాఠాంతరము కల్పించి, చవుకగా దొరకు పాతమేకులను సమర్థించు పిసినిగొట్టులు కొందఱున్నారు. పకారమునకు మకారముతో ఇట యతి చెల్లదు గావున ఆ పాఠము త్యాజ్యము. సరస్సుమీద బ్రేకు నొక్కిన క్షణమున కూడ త్యాజ్యమే. కార్బైడు ఎంత కఠినమో అంత పెళుసు; దారిలో రోడ్లు దాటునప్పుడు రాళ్లమీద రాచి కొనలు చిట్లును. చిట్లినది, వంగినది, ఊడినది కనబడిననాడే మార్చవలెను.

మొనలు లగ్గుల మించుట మూరకాదు = మేకుకొనలు లగ్గులకంటె పైకి లేచియుండుట మూరెడు కాదు. మూర కాదన్నాడే గాని యెంతయో చెప్పలేదు; కవులకు ఛందస్సు అంగుళములకంటె ముఖ్యము. సంప్రదాయము చెప్పు ప్రమాణము సుమారు అంగుళములో ఎనిమిదింట మూడు వంతులు. బాటలమీద తిరుగు బండ్ల లగ్గు సాధారణముగా అంగుళము మొదలు అంగుళముం బావు; దానికి సమముగా మేకు నిలిచినచో గడ్డను తాకుటయే గాని కఱచుట యుండదు. అంతకు మిక్కిలి లేచినచో మేకు మీటకఱ్ఱయై తన రంధ్రమును తానే పెకలించును. మఱియొక యపాయము పైన గలదు: నీటితో చల్లబడు ఇంజన్లు గల బండ్లలో పట్టెకు పైకప్పుగా నుండు టన్నెలు అడుగున వేడి నార్పు లోహపు గొట్టములుండును, పట్టె వదులై ఎగిరినప్పుడు పొడుగు మేకులు వానిని గీచి చిల్లులు పొడుచును, ద్రవమంతయు మంచుపాలగును. కావున మేకులు కొనుటకు పూర్వమే పట్టెకును గొట్టములకును నడుమ నెడమెంతయో కొలిచి, టన్నెలు రక్షకపు బద్దీలు వేసికొని, పట్టె బిగువును సరిచూచుకొనవలెను. విస్కాన్సిన్‌లోని ఈగిల్ రివర్‌లో 1964 నుండి జరుగుచున్న డెర్బీపందెములలో మంచువలయముపై తిరుగు బండ్లమేకులను చూచివచ్చి, అవియే ప్రమాణమని వాదించువారు గలరు. అది యుద్ధశాస్త్రము, మనది గృహ్యసూత్రము.

స్కీలు మరచిన వానికిన్ చేటు మూడు = ముందున్న స్కీల మాట మరచినవానికి హాని తప్పదు. ‘స్కీ’కిని ‘జే’కిని యతిమైత్రి యెట్లని అడుగువారికి, సకార జకారములు మిత్రవర్ణములే, ఈకార ఏకారములును మిత్రములే యని సమాధానము. ఈ మైత్రి కవికి కుదిరినంత సులభముగా బండిముందునకును వెనుకకును కుదిరినచో ఈ పాదమే అవసరము లేకపోయెడిది.

పద్యమునకు ప్రాణము ఈ పాదమే. స్కీల అడుగునను కార్బైడు కూర్చిన ఇనుపకమ్ములుండును. మలుపులో గడ్డను పట్టుకొని ముక్కు తిప్పునవి అవియే. వెనుక మేకులు నాటగానే త్రోపు హెచ్చును. ముందరి కమ్ములు అరిగి మొద్దువారియున్నచో చేతిపిడి యెంత తిప్పినను స్కీలు పక్కకు జారుచు, బండి తాను తలచిన తిన్ననిదారిలోనే పోవును. ఆ దేశపువారు దీనిని ‘పుష్’ అందురు. మేకులు లేని బండికి స్కీకమ్ములు మాత్రము క్రొత్తవి వేసినచో ఫలము విపరీతమగును. ముక్కు గట్టిగా కఱచును, తోక తిరిగి ముందునకు వచ్చును. కావున మేకులసంఖ్య పెరిగినకొలది కమ్ములలోని కార్బైడు పొడవును పదునును పెరుగవలెను. 144 మేకులు తెచ్చి, మూడేండ్లనాటి కమ్ములనే యుంచి, బండి తిరుగుటలేదని మేకుల నమ్మినవానిమీద అలుగు మహానుభావుడు నాలుగవ పాదము చదువలేదు. వానికి చేటు మూడుట యనగా చాలమట్టుకు పైన్‌చెట్టు ఎదురగుట.

తాత్పర్యము

సరస్సు దాటుటకు ముందు, వేగమును గూర్చి యాలోచింపక, నిలుచుటను, తిరుగుటను గూర్చి యాలోచింపుము.

విశేషములు

అలంకారము స్వభావోక్తి. లగ్గుల చివరలయందే చిన్న కార్బైడు మొనలు పొదిగివచ్చు పట్టెలును ఇప్పుడు లభించుచున్నవి. వానిని వాడువారిని శాఖాంతరీయులుగా భావించి గౌరవింపవలెనే గాని వాదింపరాదు, వారు తొంబదియాఱు నట్లు బిగింపలేదు గావున వారికి తీరిక యెక్కువ. మొదటి సవారి ముగిసిన వెంటనే నట్లన్నియు మరల బిగింపవలెను. హిమపుపొడి లేని వట్టిగడ్డమీద దూరముపోవుట మేకులున్నను దోషమే. పట్టె జారు ప్లాస్టిక్ హైఫాక్స్ పట్టీలను చల్లబఱచునది మంచుపొడియే గావున, స్క్రాచర్లను తీగలు గడ్డపై నీడ్చి పొడి లేపుకొనవలెను. ఇంటికి వచ్చిన పిదప బండి నిలుపు గచ్చుపై మందపు రబ్బరుచాప యేదైన పఱచియుంచుట గృహిణీసమ్మతము.

ప్రతి స్తోత్రము చివరను ఫలశ్రుతి యుండును. దీనికి నిషేధశ్రుతి మాత్రమే గలదు. మిన్నెసోటా రాష్ట్రమున తారుగాని కాంక్రీటుగాని పఱచిన ప్రజాబాటలమీద లోహపుమేకులు గల పట్టెతో పోవుట, స్థానిక ప్రభుత్వము వేఱుగా అనుమతించిన చోట తప్ప, చట్టవిరుద్ధము. కావున పాఠకులలో ఆ దేశమున నివసించువా రెవరైన ఈ పద్యమునుబట్టి మేకులు నాటుకొందురేని, బయలుదేరుటకు ముందు తమ యూరి నిబంధనను కూడ ఒకమాఱు చదువుకొనవలెనని ప్రార్థన.