లేఅవుట్ సారు

మడికొండ నుంచి హసన్‌పర్తి దాకా ఎక్కడ పత్తిచేను ఎదురైనా లేఅవుట్ సారుకు పత్తి కనిపించదు. ముప్పై అడుగుల రోడ్లు, వాటికి అటూ ఇటూ రెండేసి వందల గజాల ప్లాట్లు కనిపిస్తాయి. ఆయన ఏం చదివాడో హనుమకొండలో ఎవరూ అడగరు. చంకలో చుట్టిన కాగితం, జేబులో రెండు పెన్నులు. ఎర్రది ప్లాట్లకు, ఆకుపచ్చది పార్కులకు. ఎర్రది నెలకోసారి మారుతుంది. ఆకుపచ్చది ఆయన పెళ్లినాటిది.

ముందు తూర్పు ముఖం ప్లాట్లన్నీ గీస్తాడు. తర్వాత ఉత్తరం. పడమరకు బతిమాలి ఒప్పిస్తాడు, దక్షిణానికి గజం మీద కొంత తగ్గిస్తాడు. అంతా అయ్యాక నిబంధన గుర్తొస్తుంది. లేఅవుట్‌లో పదోవంతు ఖాళీ జాగా విడిచి, మున్సిపాలిటీకో పంచాయతీకో గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. ఇరవై ఎకరాల వెంచర్‌కు రెండెకరాలు, అంటే 9,680 గజాలు. ఆ అంకె చెప్పేటప్పుడు సారు గొంతు పూడుకుపోతుంది.

ఇక ఆకుపచ్చ పెన్ను తీస్తాడు. వీధిపోటు ముక్క ఎవరూ కొనరు, కనుక పార్కు. ఈశాన్యం తెగిన మూల, అదీ పార్కే. హైటెన్షన్ తీగల కింది పట్టీ వాకింగ్ ట్రాక్. బండ తేలిన చోటు రాక్ గార్డెన్.

"చెట్టుకు వాస్తు ఉండదు గద!" అంటాడు. నిజమే, వీధిపోటు తగిలిందని ఏ వేపచెట్టూ ఇంతవరకు ఇల్లు మారలేదు.

పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి కదా, ఆ బఫర్‌ను కూడా 'లేక్ వ్యూ పార్కు' అని ఆ పదోవంతులోనే కలిపేస్తాడు. 2020 ఆగస్టు వానలకు హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు ఊరంతా నాలాల కబ్జా గురించి మాట్లాడుకుంటుంటే, సారుకు నీళ్ల మీదే కోపమొచ్చింది. "ఎంక్రోచ్‌మెంట్ జేసింది చెరువు! నా ప్లానుల ఏడన్న నీళ్లున్నయా, సూపెట్టుండ్రి!" కాకతీయులు చెరువు చూసుకునే ఊరు కట్టుకున్నారని ఎవరో అంటే, "వాళ్లకేంది, గజాల లెక్కన అమ్మలేదాయె" అని కొట్టిపారేశాడు.

అనుమతి లేని వెంచర్లంటే సారుకు లోలోపల గౌరవం. 2020 నాటి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ఎల్ఆర్ఎస్‌లో, ఖాళీ జాగా విడవని లేఅవుట్‌లో ప్లాటు కొన్నవాళ్లు దాని విలువలో 14 శాతం కట్టాలన్నారు. "పార్కు ఇడిస్తె పది శాతం ఓనర్‌ది పాయె. ఇడవకుంటె పద్నాలుగు కొన్నోడు కట్టె. ఇగ ఓనర్‌కు ఏది అగ్గువ?" గీసుగొండ వైపు పచ్చదనం ఏదీ అని అడిగితే మాత్రం, "అంత పెద్ద టెక్స్‌టైల్ పార్కు ఉండంగ మళ్ల పార్కేంది?" అన్నాడు.

ఆయన నిజంగా కుంగిపోయింది 2022లో. వరంగల్ రింగురోడ్డు చుట్టూ 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్ అనగానే ఎర్రపెన్నులు డజను కొన్నాడు. రైతులు రోడ్డెక్కారు, మే నెలలో సర్కారు వెనక్కి తగ్గింది. సారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదట.

మొన్న ధర్మసాగర్ వైపు తాతల భూమి ఉన్న అమెరికా అబ్బాయొకడు వచ్చాడు. "వాన నీళ్లు ఎటు పారుతయో ముందు చూద్దామంకుల్. ఆ దారి, పాత చింతచెట్లు, నడుమ మంచి జాగ పార్కుకు ఇడిచిపెట్టి, చుట్టూ ప్లాట్లు గీయండి."

సారు కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మంచి జాగ పార్కుకా! నోట మాట రాలేదు. కాసేపటికి వేళ్ల మీద ఏదో లెక్క వేశాడు, ఆపి మళ్లీ వేశాడు.

"బాబూ, పార్కు నడుమ పెడితె చుట్టున్న ప్లాట్లన్నీ పార్కు ఫేసింగే గద! గజానికి వెయ్యి ఎక్కువ చెప్పొచ్చు!" అని లేచి నిలబడ్డాడు. "రెండెకరాలేం సరిపోతయ్, మూడిడుద్దామా?"