మోడెమయ్య మడి

తొంభైల్లో హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసిన ఎవరినడిగినా మోడెమయ్య గురించి చెబుతారు. అసలు పేరు ఏదైనా కావచ్చు, సొంతూరు తెనాలైనా కావచ్చు, జనగామైనా కావచ్చు. మనిషి మాత్రం ఏ ఆఫీసులో చూసినా అదే మనిషి. చొక్కా జేబులో చిన్న స్క్రూడ్రైవరు, దాని పక్కన మడతలు చిరిగిపోతున్న కాగితం. ఆ కాగితం కట్టుకున్న భార్య చేతికి కూడా ఇవ్వడు. హోదా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. జీతం ప్రోగ్రామర్లకంటే తక్కువ. గీర మాత్రం జనరల్ మేనేజరుకంటే ఓ మెట్టు ఎక్కువే.

గీరకు కారణం లేకపోలేదు. ఆఫీసు మొత్తానికి మెయిలు రావాలన్నా పోవాలన్నా సన్ వర్క్‌స్టేషన్ వెనక తగిలించిన ఒక్క మోడెమే దిక్కు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ఇంటర్నెట్ తెరిచింది, నిజమే. తెరిచింది ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో. మనం రాత్రి పదకొండు దాటి ఎస్టీడీ పావు చార్జీకి దిగేదాకా కాచుకుని, మద్రాసుకో బొంబాయికో ఫోను కలిపి, యూయూసీపీతో ఒక మూట పంపి ఒక మూట తెచ్చుకోవాలి. యూయూసీపీ 1976లో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ రాసింది. ఆ తర్వాత లోకంలో పనికొచ్చే ప్రోగ్రామేదీ పుట్టలేదని మోడెమయ్య అభిప్రాయం. 9600 వేగమంటే సెకనుకు 960 అక్షరాలు. అమెరికా క్లయింటు ఉత్సాహపడి ఒక మెగాబైటు ఫైలు పంపాడంటే పద్దెనిమిది నిమిషాల ఎస్టీడీ బిల్లు. మర్నాడు మోడెమయ్య మొహం చూస్తే ఆ ఫైలు సైజు చెప్పేయవచ్చు.

ఆ మోడెమ్‌కి మడి. దాని మీద టీ గ్లాసు పెట్టరాదు. దాని పక్కన నిలబడి నవ్వరాదు. ఊడ్చే మనిషి ఆ బల్ల దాకా వచ్చి చీపురు ఆపాలి. పొరపాటున ఎవరైనా స్విచ్ ఆపితే మైల. శుద్ధి అయ్యేదాకా ఆఫీసులో ఎవరికీ మెయిలు లేదు. కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు అడిగాడు:

“సార్, సెట్టింగులు ఒకసారి నేను చూడొచ్చా?”

“చూడవయ్యా, ఎవరొద్దన్నారు! చేతులు వెనక్కి కట్టుకుని చూడు.”

జేబులో కాగితం మీద ఉన్నది ఇదే: ఏటీ&సీ1&డీ2ఎస్0=1ఈ0క్యూ2&డబ్ల్యూ. మంత్రంలా ఉందని మేం నవ్వేవాళ్ళం. ఆయనకు ప్రతి అక్షరానికీ అర్థం తెలుసు. &సీ1: అవతల నిజంగా ఎవరైనా ఉంటేనే ఉన్నారని చెప్పు. &డీ2: నేను వదిలేయగానే ఫోను పెట్టెయ్. ఎస్0=1: మొదటి గంటకే ఎత్తు. ఈ0: అన్నమాట తిరిగి అనకు. క్యూ2: నేను పిలిపించినప్పుడు ఫలితం చెప్పు, వాళ్ళే పిలిచినప్పుడు నోరు మూసుకో. చివరి &డబ్ల్యూ: ఇదంతా గుర్తుపెట్టుకో. ఇంట్లో పిల్లల మీద కూడా ఇవే నియమాలు ప్రయోగించి చూశాడనీ, &డబ్ల్యూ దగ్గర దెబ్బతిన్నాడనీ వినికిడి.

అసలు చిక్కు ఒకే తీగతో రెండు పనులు చేయించడంలో ఉంది. పగలు మార్కెటింగ్ వాళ్ళు బయటి ఊళ్ళనుంచి ఫోను చేసి లోపలికి రావాలి. రాత్రి అదే మోడెమ్ బయటికి డయల్ చేయాలి. అందుకని సన్ మెషీన్లో ఒకే పోర్టుకు రెండు పేర్లు పెడతారు. లోపలికి టీటీవైడీ0, బయటికి సీయూఏ0. రెండింటికీ మేజర్ నంబరు 12, మైనర్ నంబరులో మాత్రం 128 తేడా. మొదటి పేరు మీద గెట్టీ అనే ప్రోగ్రామ్ కాపలా ఉంటుంది. క్యారియర్, అంటే అవతలి మోడెమ్ సంకేతం, వచ్చిందని మోడెమ్ చెబితే గాని దానికి పోర్టు తెరుచుకోదు. రెండో పేరు ఎవరూ లేకపోయినా తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే నంబరు డయల్ చేసేదెలా? ఒకటి వాడుకలో ఉన్నంతసేపు రెండోది ఆగుతుంది. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం మోడెమయ్య విసుక్కోడు. కుర్చీ లాగి కూర్చోబెట్టి మరీ చెబుతాడు.

ఇదంతా నడవాలంటే సన్ మెషీన్ తన సెట్టింగులు దాచుకునే ఈప్రామ్‌లో ‘క్యారియర్ పట్టించుకోకు’ అన్న సెట్టింగు మార్చాలి. ఫ్యాక్టరీ నుంచి అది ట్రూ అని వస్తుంది, దాన్ని ఫాల్స్ చేయాలి. మోడెమయ్య తిరుపతి వెళ్ళిన వారం, చేతులు కట్టుకున్న కుర్రాడు చేతులు విప్పాడు. ఏదో సరిచేయబోయి ఈప్రామ్‌నీ మోడెమ్‌నీ రెండింటినీ ఫ్యాక్టరీ సెట్టింగులకు పంపాడు. క్యారియర్ సంగతి అడక్కుండానే గెట్టీ లేచి “లాగిన్?” అంది. మోడెమ్ ఆ మాటే తిరిగి అప్పజెప్పింది. లాగిన్ అనే పెద్దమనిషి ఎవరో వచ్చాడనుకుని “పాస్‌వర్డ్?” అంది. “పాస్‌వర్డ్” అని జవాబు. తప్పు, మళ్ళీ మొదటికి. రాత్రంతా ఆ రెండూ కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నాయి. పొద్దున వచ్చేసరికి మెషీన్ నత్తనడక నడుస్తోంది. లడ్డూల సంచీతో దిగిన మోడెమయ్య మోడెమ్ దీపాలు చూశాడు. క్యారియర్ దీపం ఆరి ఉంది, పంపే దీపమూ అందుకునే దీపమూ మాత్రం టకటక వెలుగుతున్నాయి. “ఎవరు ముట్టుకున్నారు?” అన్నాడు. కుర్రాడికి ప్రసాదం దక్కలేదు.

కేబుల్ విషయంలోనూ ఇంతే పట్టుదల. బజారులో దొరికే చవక కేబుల్లో రెండు, మూడు, ఏడు పిన్నులకే తీగ ఉంటుంది. అక్షరాలు పోతాయి, వస్తాయి. ఎనిమిదో పిన్ను లేదు గనక క్యారియర్ కబురు అందదు, ఇరవయ్యో పిన్ను లేదు గనక ఫోను పెట్టదు. లైను తెల్లారేదాకా పట్టుకునే ఉంటుంది, బిల్లు తర్వాత వస్తుంది. అందుకే కోఠీ గుజరాతీ గల్లీలో కనెక్టర్లు ఏరుకొచ్చి, ఇంట్లో కూర్చుని సోల్డరింగ్ చేసుకునేవాడు.

మొదటి గంటకే ఎత్తడం వల్ల ఒక చిక్కొచ్చింది. ఒక రాత్రి మేనేజరుగారి భార్య ఆయన కోసం ఆ నంబరుకే ఫోను చేసింది. మోడెమ్ ఎత్తి తన కూత కూసింది. మర్నాడు మేనేజరు వచ్చి, “ఏవండీ, రాత్రి మా ఆవిడ చేస్తే ఆఫీసులో ఎవరో ఏడుస్తున్నారట!” అన్నాడు. మోడెమయ్య తొణకలేదు. “అమ్మగారికి క్యారియర్ లేదండీ, అందుకే కలవలేదు” అన్నాడు.

ఆయన ప్రతాపం చూడాలంటే ‘ఆల్ పోర్ట్స్ బిజీ’ అని వచ్చిన రోజు చూడాలి. ముందురోజు మధ్యలో చచ్చిన ప్రోగ్రామేదో తాళం ఫైలు వదిలిపోయి ఉంటుంది, దాన్ని తుడిచేస్తే చాలు. కాని మేనేజరు వచ్చి పక్కన నిలబడేదాకా తుడవడు. ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు.

కొన్నాళ్ళకు మా మెషీన్లు సొలారిస్ 2కి మారాయి. పాత పద్ధతులు పోయి పీఎమ్‌అడ్మ్ అనే కమాండు వచ్చింది. ఒక కమాండు కడుపులో ఇంకో కమాండు, కొటేషన్ గుర్తుల లోపల వెనక్కి వాలిన కొటేషన్ గుర్తులు. అన్నిటి మధ్యా మైనస్ బీ అన్నది ఉంటేనే పోర్టు రెండు వైపులా నడుస్తుంది. చాలామంది ఆ రోజే డేటాబేస్ కోర్సుల్లో చేరిపోయారు. మోడెమయ్య మాత్రం ఆ కమాండు చూసి పరవశించిపోయాడు. ఇది ఇంకెవరికీ రాదు!

ఆయన మడి చాదస్తమే, కాదనను. అయితే ఆ కాగితం మీద అర్థం తెలియకుండా రాసిన అక్షరం ఒక్కటీ లేదు. తర్వాత వచ్చిన అడ్మినిస్ట్రేటర్లలో ఆ మాట అనదగ్గవాళ్ళు నాకు ఎక్కువమంది తగల్లేదు. ఆయన చెప్పిన జంట పేర్లు మోడెమ్‌లు పోయినా పోలేదు. మీ ఇంట్లో మ్యాక్ ఉంటే టెర్మినల్ తెరిచి డెవ్ డైరెక్టరీలో చూడండి. సీరియల్ పోర్టులన్నీ టీటీవై అని ఒకసారి, సీయూ అని ఒకసారి కనిపిస్తాయి. బయటికి వెళ్ళేది సీయూ.